పడమటి గట్టున సెన్నెజెమ్ పొలం

పడవ గట్టుకు ఆనకముందే తాడు పట్టుకున్న కుర్రాడు ఒడ్డు మీదికి దూకేశాడు. మన పక్క బల్లల మీద కూర్చున్నవాళ్లలో యాత్రికులు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ లక్సర్‌లో రాత్రి డ్యూటీ ముగించుకుని ఇళ్లకు పోతున్నవాళ్లు. ఒకతని ఒళ్లో గుడ్డలో చుట్టిన రొట్టెలు, ఇంకా ఆవిరి వస్తోంది. ఒకామె కాళ్ల దగ్గర టమాటాల బుట్ట పెట్టుకుని కునుకు తీస్తోంది. నైలు మీద ఇంకా నీడే. ఎండ మాత్రం ఎదురుగా ఉన్న పడమటి కొండల మీద ముందే పడింది, శిఖరం నుంచి కిందికి జారుతూ వస్తోంది. కొండల ముందు గాలిలో పదీ పన్నెండు బెలూన్లు. వాటి అడుగున మంట భగ్గుమన్నప్పుడల్లా ఒక్కో బెలూను లోపల్నుంచి వెలిగి ఆరుతోంది.

ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. తూర్పు గట్టున లక్సర్ గుడి స్తంభాలు, దాన్ని ఆనుకుని హోటళ్లు, గుర్రబ్బళ్లు, బజారు. మూడున్నర వేల ఏళ్ల కిందట చేసుకున్న పంపకం ఇది: కాపురాలూ దేవుళ్ల ఊరేగింపులూ అటు, పొద్దు కుంకే ఇటువైపు చనిపోయినవాళ్లకు. గైడ్లందరూ చెప్పే మాట ఇదే. పూర్తిగా నిజం కాదు లెండి. ఇటు గట్టునా ఎప్పుడూ మనుషులు బతికారు, పిల్లల్ని కన్నారు, పొరుగువాళ్లతో తగాదాలు పెట్టుకున్నారు. ఈ రోజు మనం చూడబోయేది చాలావరకు వాళ్ల చేతిపనే.

ఒడ్డున మన కారు డ్రైవరు నడివయసు మనిషి, పాదాల దాకా గలబియా తొడుక్కున్నాడు. మన మొహాలు చూడగానే “ఇండియా? అమితాబ్ బచ్చన్!” అన్నాడు. ఈజిప్టులో మనవాళ్లకు ఈ పలకరింపు తప్పదు. నవ్వేసి ఎక్కి కూర్చోవడమే.

“ఎన్ని సమాధులు చూస్తారు సార్?”

“నాలుగు.”

“చాలు. పది చూసినవాళ్లను కూడా రేవుకు తిరిగి తీసుకొచ్చేది నేనే. ఏం చూశారంటే చెప్పలేరు.”

రోడ్డుకు రెండు వైపులా చెరకు. గాడిద బండి మీద పచ్చగడ్డి మోపులు, మోపుల మీద ఒక పిల్లవాడు. ఆ పచ్చదనం పలచబడుతూ పోదు, ఒక్కచోట తెగిపోతుంది. ఒక కాలు తడిమట్టిలో, ఇంకో కాలు ఎండిన ఇసుకలో పెట్టి నిలబడవచ్చు. ఆ సరిహద్దు దగ్గరే మూడో అమెన్‌హోతెప్ విగ్రహాలు రెండు, సుమారు 18 మీటర్ల ఎత్తున, మొహాలు అరిగిపోయి కూర్చుని ఉన్నాయి. బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. మనం ఆగం.

రోడ్డు కొండల సందులోకి మెలిక తిరుగుతుంది. రెండు పక్కలా సున్నపురాయి గోడలు, ఒక్క గడ్డిపోచ లేదు. ఎదురుగా అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, మొన తేలి, పిరమిడ్‌లాగే. దాన్ని ఎల్ ఖుర్న్ అంటారు. గిజా పిరమిడ్లు కట్టి వెయ్యేళ్లు దాటాక వచ్చిన రాజులకు ఒక సంగతి బాగా తెలుసు. అంత పెద్ద గుర్తు నిలబెడితే దొంగకు దారి చూపినట్టే. అందుకని క్రీ.పూ. 16వ శతాబ్దం నుంచి సుమారు 500 ఏళ్లపాటు వాళ్లు ఈ సహజమైన పిరమిడ్ నీడలో, లోయ గోడల్లో బొరియలు తవ్వించుకుని దాక్కున్నారు. మొదటి తుత్మోస్ కొలువులో ఇనేని అనే పెద్ద అధికారి ఉండేవాడు. రాజు సమాధిని తనొక్కడే దగ్గరుండి తవ్వించాననీ, ఎవరి కంటా పడలేదనీ, ఎవరి చెవినా పడలేదనీ తన సమాధి గోడ మీద గొప్పగా చెక్కించుకున్నాడు. మరి తవ్వినవాళ్లో? ఉలి పట్టినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు, దీపం పట్టుకుని నిలబడ్డవాళ్లు? ఇనేని లెక్కలో వాళ్లు ‘ఎవరూ’ కారు.

రాజుల లోయలో ఒక టికెట్‌కు మూడు సమాధులు. టుటన్‌ఖామున్‌కు, మొదటి సేతికి, ఆరో రామెసెస్‌కు విడివిడిగా కొనాలి. తొలి బేరానికి కాచుకున్న దుకాణాల మధ్యనుంచి నడిచి, కరెంటు బండి ఎక్కి దిగితే లోయ నడిమధ్యలో ఉంటాం. అప్పుడే కొండ గోడల నుంచి తెల్లటి వేడి మొహానికి కొడుతోంది. ఇప్పటిదాకా ఇక్కడ 60కి పైగా సమాధులు, గోతులు బయటపడ్డాయి. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు, కొండ మొదట్లో కటకటాలు పెట్టిన చదరపు నోళ్లు తప్ప.

ముందు ఆరో రామెసెస్. పొద్దున్నే వెళ్లాలి, జనం ఊపిరికి లోపల ఉక్క పెరగకముందే. చెక్క పరిచిన నేల తిన్నగా కిందికి వాలుతూ పోతుంది, సుమారు 117 మీటర్లు. ఎక్కడా మలుపు లేదు కాబట్టి గుమ్మంలో నిలబడగానే సమాధి మొత్తం ఒక్క చూపులో లోపలికి లాగేస్తుంది. నాలుగడుగులు వేశాక ఎండ వెనకే ఉండిపోతుంది. గోడలంతా అక్షరాలు: పిట్టలు, పాములు, కళ్లు, చేతులు, నేల నుంచి కప్పు దాకా ఖాళీ అన్నది లేకుండా. సూర్యుడు రాత్రి పన్నెండు గంటలూ పాతాళంలో పడవ మీద సాగే ప్రయాణం ఇదంతా. గంటకో ద్వారం, ద్వారానికో పాము. కింది వరసల్లో శిక్ష పడ్డవాళ్లు తలలు తెగి, తలకిందులుగా, చేతులు వెనక్కి విరిచి కట్టబడి ఉన్నారు. పాపుల్ని ఏం చేయాలో ఊహించడంలో ఏ దేశం వాళ్లూ లోభం చేయలేదు.

చివరి గదిలో తల ఎత్తండి. మెడ పట్టేసినా ఫరవాలేదు. చీకటి నీలం మీద బంగారు వన్నెలో ఆకాశదేవత నూత్, గది ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగిన ఒళ్లు. ఒక్కరు కాదు, ఇద్దరు నూత్‌లు, వీపులు ఆనించుకుని. ఒకరిది పగలు, ఇంకొకరిది రాత్రి. సాయంత్రం ఆమె నోట సూర్యబింబాన్ని మింగుతుంది. ఎర్రటి బిళ్లలు ఆమె ఒంట్లోంచి ఒక్కొక్కటిగా నడిచి, తెల్లవారుజామున మళ్లీ పుట్టుకొస్తాయి. రాజు కోరిక కూడా అంతే, ఆ బిళ్లల వెంట తానూ పుట్టుకు రావడం. కింద ఆయన రాతి శవపేటిక ముక్కలై పడి ఉంది. దొంగలు ఆయన శవాన్ని కూడా గొడ్డళ్లతో నరికారు.

తిరిగి పైకి వచ్చేటప్పుడు గోడల్ని దగ్గరగా గమనించండి. బొమ్మల మధ్య సన్నగా గీకిన అక్షరాలు కనిపిస్తాయి. గ్రీకు, లాటిన్. రెండు వేల ఏళ్ల నాటి యాత్రికులు గీకిపోయిన పేర్లు ఈ ఒక్క సమాధిలోనే వెయ్యి దాకా ఉన్నాయి. ఇది ట్రాయ్ యుద్ధంలో పోరాడిన మెమ్నోన్ సమాధి అని వాళ్ల నమ్మకం. ఒకాయన, వచ్చాను గానీ శవపేటిక తప్ప ఇంకేదీ నచ్చలేదని రాశాడు. ఇంకొకాయన, ఈ బొమ్మల లిపి చదవలేకపోతున్నానని మొర పెట్టుకున్నాడు. దానికి మరొకాయన జవాబు: చదవలేకపోతే ఏమైందట, నీ బాధేమిటో నాకర్థం కావడం లేదు. ఈ ముగ్గురూ లేని టూరిస్టు బస్సు ఈ రోజుకీ లేదు.

ఈ సమాధి నోటికి కింద, పదిహేనిరవై అడుగుల దూరంలో క్యూ ఉంది చూశారా, అది టుటన్‌ఖామున్‌ది. మెట్లు పదహారు. దిగితే నాలుగే నాలుగు గదులు, నడవతో కలిపి సుమారు 110 చదరపు మీటర్లు. రంగులు వేసింది ఒక్క గదికే. పంతొమ్మిదేళ్లకు చనిపోయిన కుర్రరాజు. సొంత సమాధి సిద్ధం కాకపోవడంతో ఇంకెవరికోసమో తవ్విన దాంట్లో సర్దేసి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. పడమటి గోడ మీద పన్నెండు కొండముచ్చులు, రాత్రి పన్నెండు గంటలకు గుర్తుగా. ఉత్తరపు గోడ మీద చిరుతపులి తోలు కప్పుకున్న ముసలి ఆయ్, తర్వాత సింహాసనం ఎక్కబోయేవాడు, చనిపోయిన రాజు నోరు తెరిచే తంతు జరిపిస్తున్నాడు. గోడల నిండా ముదురు గోధుమ రంగు మచ్చలు. తడి ఆరకముందే సమాధిని మూసేయడం వల్ల పట్టిన బూజు అది, ఎప్పుడో చచ్చిపోయింది, మచ్చ మిగిలింది.

ఇక్కడ దొరికిన 5,398 వస్తువుల్లో దాదాపు ఏవీ లోయలో లేవు. అవన్నీ ఇప్పుడు గిజా దగ్గర 2025 నవంబరులో అధికారికంగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉన్నాయి. రాజు మాత్రం ఇక్కడే ఉన్నాడు. 2007 నుంచి ముందుగదిలో గాజుపెట్టెలో, ఛాతీ మీద నుంచి తెల్లటి గుడ్డ కప్పి. పైకి కనబడేవి నల్లబడ్డ మొహం, పాదాలు. చాలా చిన్న పాదాలు. మన ముందున్న ఆవిడ ఫోను ఎత్తి, ఏమనుకుందో దించేసింది. మనలో చాలామందికి తొలిసారి మమ్మీని చూపించింది హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియమే. నిజాం కుటుంబం ద్వారా అక్కడికి చేరిన ఈజిప్టు యువతి ఆమె. స్కూలు పిల్లల వరసలో తోసుకుంటూ చూసినప్పుడు అది ఒక వింత వస్తువు. ఇక్కడ, ఆయన్ని పెట్టిన గదిలోనే నిలబడితే, పరామర్శకు వచ్చినట్టుంది. ఏం మాట్లాడాలో తెలియదు.

మూడు వేల ఏళ్లకు పైగా ఈ కుర్రవాణ్ణి కాపాడింది, తెరిచినవాళ్లు చస్తారనే ఆ శాపం కాదు. రామెసెస్‌ల సమాధులు తవ్వినవాళ్లు తమ గుడిసెలు సరిగ్గా ఈ ద్వారం మీద వేసుకున్నారు. పైన తవ్విన రాళ్లూ చెత్తా ఇక్కడే పోశారు. 1922 నవంబరు 4న, ఇక్కడ తవ్వకాలు జరిపిస్తున్న హోవార్డ్ కార్టర్ మనుషులు ఆ గుడిసెల పునాదులు తీశాకే మొదటి మెట్టు బయటపడింది. శాపం కథంతా పత్రికల పుణ్యం. డబ్బు పెట్టిన కార్నార్వన్ ప్రభువు 1923 ఏప్రిల్‌లో కైరోలో పోయింది దోమకాటు పుండై, విషం ఎక్కి. కార్టర్ 1939 దాకా బతికాడు.

ఇప్పుడు సేతి దగ్గరికి. దీని టికెట్ ధర చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు. భోజనం మానేసైనా కొనమని నా సలహా.

మెట్లు, నడవ, మళ్లీ మెట్లు, మళ్లీ నడవ. 137 మీటర్ల పొడవున కిందికి దిగే సమాధి ఇది. మొట్టమొదటి గుమ్మం నుంచి చివరి గది దాకా ప్రతి గోడా చెక్కి రంగులు వేయించుకున్న తొలి రాజు సేతి. ఆరో రామెసెస్ గోడల్లో బొమ్మలు లోపలికి చెక్కినవి, త్వరగా అయిపోయే పని. ఇక్కడ బొమ్మ చుట్టూ ఉన్న రాయిని తీసేసి బొమ్మను పైకి నిలబెట్టారు. దీపం పక్కనుంచి పడితే దేవత బుగ్గ కింద నీడ కనబడుతుంది. రాజు కట్టుకున్న సన్నని బట్ట కుచ్చిళ్లు లెక్కపెట్టవచ్చు. లోపల జనం లేరు. కాపలాదారు ఒక మూల స్టూలు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్నాడు. మనం కనబడగానే లేచి, ఎక్కడ నిలబడి చూడాలో చేత్తో చూపించి, కప్పు మీద నక్షత్రాల్ని చూపించి, ఆ చెయ్యే చాపాడు. బక్షీసు ఇవ్వండి, న్యాయంగా సంపాదించుకున్నాడు.

స్తంభాల గది పక్కన నాలుగు మెట్లు దిగితే ఇంకో గది. చాలామంది గుమ్మంలోంచి తొంగిచూసి, రంగుల్లేవని వెళ్లిపోతారు. నన్నడిగితే లోయ మొత్తానికి ఇదే గది. గోడలు నున్నగా చెక్కి, తెల్లగా పూసి ఉన్నాయి. వాటి మీద కుంచెతో గీసిన నల్లటి గీతలు, అంతే. చెక్కేవాళ్లు ఈ గదిదాకా రాలేదు. ముందు ఒకరు ఎర్ర రంగుతో గీస్తారు, తర్వాత పెద్ద చిత్రకారుడు వచ్చి నల్ల రంగుతో దిద్దుతాడు, ఆ నల్ల గీతనే ఉలి అనుసరిస్తుంది. ఇక్కడ పని రెండో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఒక పాము ఉంది చూడండి, తల నుంచి తోక దాకా చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఒక దేవుడి మోచేయి మొదట కొంచెం కిందికి పడింది, నల్ల గీత దాన్ని పైకి సర్దింది. మొహం గోడకు జానెడు దూరంలోకి తెండి. ఇంకాస్త దగ్గరికి పోతే కాపలాదారు దగ్గుతాడు. ఈ నల్ల గీత గీసినవాడి కన్ను కూడా ఇక్కడే, ఇంతే దూరంలో ఉంది. చమురు దీపం వెలుగులో, పక్కన ఎవరో సుత్తి వేస్తుంటే, రాతిపొడి పీలుస్తూ.

శవపేటిక ఉండాల్సిన చోట, నక్షత్రాలు గీసిన వంపు కప్పు కింద, ఖాళీ. పాలరాయిలాంటి తెల్లటి రాతితో, దీపం పెడితే వెలుగు అవతలికి వచ్చేంత పలచగా చెక్కిన ఆయన పేటిక లండన్‌లో ఉంది. 1817 అక్టోబరులో ఈ సమాధిని కనిపెట్టిన జోవన్నీ బెల్జోనీ అంతకుముందు లండన్ నాటకశాలల్లో బలప్రదర్శనలు ఇచ్చినవాడు. గోడల మీద అచ్చులు తీసి ఈ రంగుల్ని చాలాచోట్ల పాడుచేసిందీ ఆయనే. పేటికను బ్రిటిష్ మ్యూజియం వద్దంటే, జాన్ సోన్ అనే వాస్తుశిల్పి 1824లో 2,000 పౌన్లకు కొని, మరుసటి ఏడు తన ఇంట్లో మూడు రాత్రులు దీపాలు పెట్టి పెద్దమనుషులకు విందులిచ్చాడు. చిత్రలిపిని ఛేదించిన షాంపోలియన్ ఇక్కడికి వచ్చినప్పుడు ఒక నిలువు పలకను కోయించి తీసుకుపోయాడు, దాని జంటను ఇటలీ నుంచి వచ్చిన రోసెల్లినీ. ఒకటి పారిస్‌లో, ఇంకొకటి ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి. సేతి ఒళ్లు కైరోలో. ఇక్కడ మిగిలింది ఆయన కోరుకున్నదాంట్లో గోడలే.

ఒళ్లు కైరోకి ఎలా పోయిందో చెప్పుకోవాలి, అదీ ఈ గట్టు కథే. రాజ్యం బలహీనపడగానే దొంగతనాలు పెరిగాయి. తొమ్మిదో రామెసెస్ 16వ ఏట పట్టుబడ్డ అమెన్‌పనూఫెర్ అనే రాతిపనివాడి వాంగ్మూలం పాపిరస్ మీద ఇప్పటికీ ఉంది. ఏడుగురితో కలిసి ఒక పాత రాజు సమాధిలోకి రాగి పనిముట్లతో దారి తొలిచి, రాజు మీదా రాణి మీదా ఉన్న బంగారం ఒలిచి, పేటికలకు నిప్పు పెట్టి, వచ్చింది సమానంగా పంచుకున్నారు. పట్టుబడ్డాక తన వాటా ఒక అధికారికి ముట్టజెప్పి బయటపడ్డాడు. తోటివాళ్లు తమ వాటాల్లోంచి అతని నష్టం పూడ్చారు. మళ్లీ దొంగతనాలకు వెళ్లారు. చివరికి పూజారులే రాజుల శవాల్ని గుట్టుగా తీసి, చిరిగిన కట్లు మార్చి, దేర్ ఎల్ బహరీ కొండలో ఒక రహస్యపు గుహలో పోగేశారు. తర్వాత సుమారు 2,800 ఏళ్లు ఎవరికీ తెలియదు. 1870ల్లో ఖుర్నా ఊరికి చెందిన అబ్ద్ ఎల్ రసూల్ సోదరులకు తెలిసింది. పదేళ్లపాటు కొంచెం కొంచెంగా అమ్ముకున్నారు. 1881లో వాళ్లలో ఒకడు చెప్పేయడంతో కైరో మ్యూజియం నుంచి వచ్చిన ఎమీల్ బ్రుగ్ష్ తాడు పట్టుకుని, ఆ గుహకు దారి అయిన నిలువు బావిలోకి దిగాడు. మైనపు దీపం వెలుగులో మూడో తుత్మోస్, సేతి, సేతి కొడుకు రెండో రామెసెస్, ఒకే చోట. వాళ్లను ఎక్కించుకున్న ఆవిరి పడవ నైలు మీద కైరోకు బయల్దేరితే ఒడ్డు ఊళ్ల ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని, సొంత మనిషి పోయినట్టు శోకాలు పెడుతూ వెంట నడిచారు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం. కళ్లు కాసేపు పనిచేయవు. ఎర్రటి కర్కదే పానీయం చల్లగా ఒక గ్లాసు తాగి కారెక్కుదాం. డ్రైవరు కొండ వీపు మీద సన్నటి బాట చూపిస్తున్నాడు. “పనివాళ్లు ఆ దారినే వచ్చేవాళ్లు సార్. బండ్లు లేవు కదా.” పది రోజుల వారంలో పని రోజులన్నీ వాళ్లు లోయలోనో, ఆ గట్టు మీద రాతి గుడిసెల్లోనో గడిపి, సెలవుకు కొండ దిగి ఇంటికి పోయేవారు.

ఆ ఇల్లున్న ఊరు దేర్ ఎల్ మదీనా. కొండల మధ్య గిన్నెలాంటి పల్లంలో మోకాటి ఎత్తు, నడుమెత్తు గోడలు. నడుమ ఒకే ఒక్క సందు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒరగాలి. సందుకు అటూ ఇటూ ఒకదాన్నొకటి అతుక్కుని దాదాపు 70 ఇళ్లు. ముందుగది, నడిమిగది, వెనక వంట, నేలకింద చిన్న కొట్టు. గడపలు అరిగి ఉన్నాయి. చుట్టుపక్కల నీళ్లు లేవు. గాడిదల మీద నైలు వైపు నుంచి మోసుకురావలసిందే. రాజు సమాధి తవ్వే చిత్రకారులు, చెక్కేవాళ్లు, గార పనివాళ్లు, లేఖకులు తరతరాలుగా ఇక్కడే కాపురం ఉన్నారు. ఇనేని లెక్కలోకి రాని మనుషుల ఊరు ఇది. ఏ రాజు గురించీ తెలియనంత వీళ్ల గురించి మనకు తెలుసు.

ఎందుకంటే వీళ్లు రాసుకున్నారు. పాపిరస్ ఖరీదు కాబట్టి సున్నపురాతి పెచ్చుల మీద, కుండపెంకుల మీద. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పెద్ద పెచ్చు ఉంది, రెండో రామెసెస్ 40వ ఏటి మస్టరు. 40 మంది పేర్లు, ఎవరు ఏ రోజు పనిలోకి రాలేదు, ఎందుకు రాలేదు. ఒకణ్ణి తేలు కుట్టింది. ఒకడికి కళ్లు బాగోలేదు. ఒకడు తల్లి శవానికి గుడ్డలు చుట్టుకుంటున్నాడు. ఒకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు. కారణం కింద అదే రాశారు, ఎవరూ ఆశ్చర్యపోయినట్టు లేదు. జీతం ధాన్యంలో. మామూలు పనివాడికి నెలకు ఐదున్నర బస్తాలు, మేస్త్రీకి ఏడున్నర. మూడో రామెసెస్ 29వ ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, ఆ ధాన్యం రావడం ఆలస్యమైంది. వీళ్లు పనిముట్లు కింద పెట్టి, కాపలా చౌకీలు దాటి నడిచిపోయి, మూడో తుత్మోస్ గుడి వెనక కూర్చున్నారు. ఆకలి, దప్పిక, బట్టల్లేవు, చేపల్లేవు, కూరల్లేవు, రాజుకు కబురు పంపండి అన్నారు. లేఖకుడు అమెన్నఖ్త్ పేరున్న ఆ రాత ఇప్పుడు ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. ప్రపంచంలో రాతకెక్కిన మొదటి సమ్మె ఇదేనంటారు. దేవుడైన రాజుకు స్వర్గం కట్టేవాళ్లు కూలి బకాయి కోసం బైఠాయించారు.

ఊరి పక్క వాలులో వాళ్ల సొంత సమాధులు. సెలవు రోజుల్లో తమకోసం తాము తవ్వుకున్నవి. వాటిల్లో సెన్నెజెమ్ అనే పనివాడి దాంట్లోకి దిగాలంటే తల వంచాలి, ఒక మలుపు దగ్గర దాదాపు కూర్చునే దిగాలి. ఒకసారికి కొద్దిమందినే పంపుతారు. ముందు వెళ్లినవాళ్లు పైకి వస్తుంటే ఇరుకు మెట్ల మీద పొట్టలు లోపలికి పీల్చుకుని గోడకు అంటుకుపోతాం. తర్వాత, నిటారుగా నిలబడగానే, ఎటు చూసినా పసుపు.

ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. వంపు కప్పు. సేతి సమాధిలోని ఒక మూలకు సరిపోతుంది. కానీ రంగులు నిన్న ఆరినట్టున్నాయి. ఒక గోడ మీద నక్కతల అనూబిస్ మమ్మీ మీదికి వంగి ఉన్నాడు, డాక్టరు వంగినట్టే, ఒక చెయ్యి ఛాతీ మీద వేసి. తూర్పు గోడకు తిరగండి. చుట్టూ నీలి కాలువ, మధ్యలో పొలం. సెన్నెజెమ్ కొడవలితో తన ఎత్తున్న పంటలో వెన్నులు కోస్తున్నాడు. వెనకాలే భార్య ఇయ్‌నెఫెర్తి ఏరుకుంటోంది. కింద వరసలో ఆయన మచ్చల ఎద్దులతో దున్నుతుంటే ఆమె గింజలు చల్లుకుంటూ వస్తోంది. అవిసె చేను పీకుతున్నారు. ఇంకా కింద ఖర్జూరాలు, అత్తిచెట్లు, పూలు. ఇద్దరూ పండక్కి కట్టుకునే తెల్లటి మడత బట్టల్లో ఉన్నారు. ఒక్క మట్టి మరక లేదు, ఒక్క చెమట చుక్క లేదు.

చచ్చాక ఎక్కడికి పోవాలని కోరుకున్నారో గీసుకున్నారు. రాజేమో సూర్యుడి పడవ అడిగాడు, పాముల్ని, ద్వారాల్ని, పాతాళం మ్యాపు మొత్తాన్ని గోడకెక్కించాడు. ఆ పాముల్ని గీసే ఊరివాడు తనకోసం గీసుకున్నది కాలువ కింద భూమి, ఒక జత ఎద్దులు, వెంట భార్య. సెన్నెజెమ్ వృత్తి వ్యవసాయం కాదు. కొలిచి ఇచ్చిన జీతపు గింజలు తిని, మోసుకొచ్చిన నీళ్లు తాగి, పచ్చగడ్డి మొలవని పల్లంలో బతికిన రాజోద్యోగి. ధాన్యం బండి కోసం ఎదురుచూసే ఊరివాడు స్వర్గంలో తన గింజ తాను పండించుకుంటున్నాడు. నెల జీతం మీద బతుకుతూ రెండెకరాలు కొనుక్కోవాలని లెక్కలు వేసుకునే మనవాళ్లెవరూ ఈ గోడ ముందు నుంచి తొందరగా కదలలేరు. నేనూ కదల్లేదు. పైనుంచి కాపలాదారు “యల్లా, యల్లా” అని కేకేసేదాకా.

1886లో ఈ గది తెరిచినప్పుడు ముద్ర చెక్కుచెదరలేదు. లోపల ఆ కుటుంబంవాళ్లు 20 మంది, వాళ్ల మంచాలు, పెట్టెలు, కొలబద్దతో సహా ఉన్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. బొమ్మలు గీసిన చెక్క తలుపు కైరోలో, తక్కినవి మ్యూజియం మ్యూజియానికీ పంచేశారు. రాజులకు జరిగిందే వీళ్లకూ జరిగింది, మూడు వేల ఏళ్లు ఆలస్యంగా.

వీళ్లందర్నీ మహానుభావుల్ని చేయనక్కర్లేదు. పానెబ్ అనే ఇక్కడి మేస్త్రీ రెండో సేతి సమాధిలో దొంగతనం చేశాడనీ, రాజు రాళ్లతో తన సమాధి కట్టుకున్నాడనీ, పనివాళ్లను సొంత పనులకు తిప్పుకున్నాడనీ, ఊళ్లో ఆడవాళ్ల జోలికి పోయాడనీ తోటివాడే పెద్ద ఫిర్యాదు రాశాడు. అందులో సగం అసూయ కావచ్చు. సగం నిజమైనా అతను గట్టివాడే.

ఊరికి ఉత్తరాన, గుడి దాటాక, ఒక గొయ్యి ఉంది. అంచు దగ్గర జాగ్రత్త. సుమారు 50 మీటర్ల లోతు, గోడల వెంట మెట్లు తిరుగుతూ దిగుతాయి. ఊరు ఖాళీ అయిపోయాక, గ్రీకు రాజుల కాలంలో, ఎవరో నీళ్లకోసం తవ్వుకుంటూ పోయారు. నీళ్లు పడలేదు. విసుగొచ్చి ఊరి చెత్తతో పూడ్చేశారు. ఫ్రెంచి తవ్వకాల నాయకుడు బెర్నార్ బ్రుయేర్ ఈ ఊళ్లో పని మొదలుపెట్టిన పాతికేళ్లకు పైగా అయ్యాక, 1949లో దీన్ని తోడించడం మొదలుపెడితే రాతలున్న పెచ్చులూ పెంకులూ 5,000 దాకా బయటికి వచ్చాయి. చాకలికి వేసిన బట్టల పద్దులు, గాడిద అద్దె తగాదాలు, ప్రేమపాటలు, పిల్లలు దిద్దిన అక్షరాలు, ఎవరెవరికి ఎంతెంత బాకీ.

బాకీలంటే గుర్తొచ్చింది, మెన్నా సంగతి. ఈ ఊరి పనివాడే. మెంత్‌మోసె అనే పోలీసు అధికారికి ఒక కుండెడు తాజా కొవ్వు అరువిచ్చాడు. బార్లీ ఇస్తాను, నీకు దేవుడు ఆరోగ్యమివ్వాలి అని ఆయన నోటి మాట చెప్పి పట్టుకుపోయాడు. ఆ తర్వాత కనబడితే ఒట్టు. మెన్నా ఒక పెంకు తీసుకుని సంవత్సరంతో సహా అంతా ఎక్కించాడు: కొవ్వు ఇచ్చానని, సమ్మె పాపిరస్ మీద పేరున్న ఆ లేఖకుడు అమెన్నఖ్త్ ముందే కోర్టులో మూడుసార్లు చెప్పుకున్నానని, ఈ రోజు వరకూ ఒక్క గింజ రాలలేదని.